వరదకు బెదిరిన పిల్లలకు ఆటలతో చికిత్స పనిచేస్తుందా?

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడలోని సింగ్ నగర్ మునిగినప్పటి నుంచి, మబ్బు పడితే చాలు మా ఆరేళ్ల పాప వణికిపోతోంది, ఆటలతో చికిత్స పనిచేస్తుందా అని మీరు అడిగారు. ఆటల చికిత్స ఇలాంటి పిల్లలకు మేలు చేస్తుందండీ.

ఆ వయసులో భయం చెప్పుకోవడానికి మాటలు చాలవు, బొమ్మలే మాటలు. నీళ్ల టబ్బు, బొమ్మ ఇల్లు, పడవ ఇస్తే పాప ఆ ఇంటిని పదిసార్లు ముంచుతుంది. పదకొండోసారి బొమ్మను పడవెక్కించి డాబా మీదికి చేరుస్తుంది. వరద వచ్చిన రోజు తన చేతిలో ఏమీ లేదు. ఈ ఆటలో నీళ్లు ఎన్ని పోయాలో తనే నిర్ణయిస్తుంది. అసలు మందు అదే. థెరపిస్టు "బొమ్మకి భయమేసినట్టుంది" అంటారు గానీ గుచ్చి గుచ్చి అడగరు.

ఇంట్లో మీరూ "మళ్లీ వరద ఆటేనా" అనకండి, పక్కన కూర్చోండి. వారాలు గడిచినా అదే ఆట మారకుండా, బెదురు తగ్గకుండా ఉంటే మాత్రం పిల్లల మానసిక నిపుణులకు చూపించాలి. ముందుగా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి ఫోన్ చేయొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు.