వార్డు నర్సుకి అన్నిటికన్నా ముందు రావాల్సిన క్లినికల్ నాలెడ్జ్ ఏది?

నర్సింగ్ పూర్తిచేసి ఈమధ్యే సర్జికల్ వార్డులో చేరానని, సీనియర్ల పక్కన నిలబడితే తనకేమీ రాదనిపిస్తోందని రాశారు. ముందు ఈసీజీ కోర్సు చేయాలా, క్రిటికల్ కేర్ కోర్సు చేయాలా అని అడిగారు. పేషెంట్ బాగాలేడని మనకు అనిపించినా డాక్టర్ పట్టించుకోకపోతే ఏం చేయాలని కూడా అడిగారు.

చాలా ఏళ్ళుగా వార్డుల్లోనే పనిచేస్తున్నాను, అందుకే గట్టిగా చెబుతున్నాను. ఆ రెండు కోర్సులూ తర్వాత చేయొచ్చు. ముందు పేషెంట్ ఊపిరిని నిండు నిమిషం లెక్కపెట్టడం అలవాటు చేసుకోండి.

"అది ఫస్ట్ ఇయర్‌లోనే నేర్పారు కదా" అంటారు. నేర్పారు, పరీక్షలో అడిగితే పెద్దవాళ్ళకి నిమిషానికి 12 నుంచి 20 అని అందరం రాశాం. కానీ ఏ వార్డులోనైనా చార్టులు తిరగేసి చూడండి. పల్స్ ఒకరికి 84, ఒకరికి 102. బీపీ పూటపూటకీ మారుతుంది. రెస్పిరేషన్ గడిలో మాత్రం పైనుంచి కిందదాకా 18, 18, 20, 18. మూడేళ్ళుగా మంచం మీదున్న ముసలాయనకీ 18, నిన్న అపెండిక్స్ తీయించుకున్న కుర్రాడికీ 18. మనుషులెవరూ అలా ఊపిరి పీల్చరు. ఆ గడిని చూస్తే చాలు, ఆ వార్డు ఎలా నడుస్తోందో నేను చెప్పేస్తాను.

బీపీ మెషీన్ కొలుస్తుంది, సాచురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్ శాతం, వేలి క్లిప్పు చూపిస్తుంది, టెంపరేచర్‌కి థర్మామీటర్ ఉంది. మామూలు వార్డు మంచం దగ్గర ఊపిరిని లెక్కపెట్టే యంత్రం ఉండదు. దానికి మనిషే కావాలి. అందుకే అన్నిటికన్నా ముందు అదే ఎగిరిపోతుంది.

ఒక రాత్రి సంగతి చెబుతాను. పెద్దపేగులో కొంత భాగం తీసి కుట్టిన పేషెంట్. పెద్దాయన, ఆపరేషన్ అయి నాలుగో రోజు. డ్యూటీ తీసుకుంటున్నప్పుడు హ్యాండోవర్‌లో "స్టేబుల్, ఏమీ ఇబ్బంది లేదు" అన్నారు. చార్టులో రోజంతా రెస్పిరేషన్ 18. నేను దగ్గరికెళ్ళి "ఎలా ఉంది బాబాయ్ గారూ?" అని అడిగితే "బానే ఉన్నాను... తల్లీ" అన్నారు. బానే ఉన్నాను అన్న తర్వాత చిన్న గాలి తీసుకుని, అప్పుడు తల్లీ అన్నారు. మూడు ముక్కల మాటలో మధ్యలో గాలి పీల్చాల్సిన అవసరం మామూలుగా రాదు. పక్కన కూర్చున్న ఆయన భార్య మెల్లగా అన్నారు, "సాయంత్రం నుంచి ఇట్లాగే మాట్లాడుతున్నారమ్మా. పొద్దున లేదు."

దుప్పటి కిందికి జరిపాను. పల్స్ చూస్తున్నట్టు మణికట్టు పట్టుకుని ఛాతీ వైపు చూస్తూ నిమిషం నిండా లెక్కపెట్టాను. 28. పైపైనే, త్వరత్వరగా, పొట్ట కదలకుండా పీలుస్తున్నారు. కాసేపాగి మళ్ళీ చూశాను. మళ్ళీ 28. పల్స్ 104, బీపీ 118/76, టెంపరేచర్ 37.4, సాచురేషన్ ఆక్సిజన్ పెట్టకుండానే 97. యూరిన్ బ్యాగులో చివరి రెండు గంటల్లో వచ్చింది 35 ఎంఎల్. ఆయన బరువు 70 కిలోలు. గంటకే అంత రావాలి.

డ్యూటీ డాక్టర్‌కి ఫోన్ చేశాను. "సాచురేషన్ ఎంత సిస్టర్?" అన్నారు. చెప్పాను. "బీపీ?" చెప్పాను. "మరి బాగానే ఉందిగా. నొప్పి వల్ల అయ్యుంటుంది, పెయిన్ ఇంజెక్షన్ ఇవ్వండి, పొద్దున రౌండ్స్‌లో చూద్దాం."

ఆయన్ని తప్పుపట్టడానికి చెప్పట్లేదు. ఆ రాత్రి ఆయన ఒక్కరే ఎన్నో వార్డులు చూసుకుంటున్నారు. పైగా మేం వాళ్ళకి ఏళ్ళ తరబడి అలవాటు చేసింది కూడా ఆ రెండు అంకెలే. నేను ఫోన్ పెట్టేయలేదు. "సార్, నొప్పి పెద్దగా లేదంటున్నారు. పేగు కుట్టిన నాలుగో రోజు. రెస్పిరేషన్ 28, రెండుసార్లు నిండు నిమిషం లెక్కపెట్టాను. పల్స్ 104. రెండు గంటల్లో యూరిన్ 35 ఎంఎల్. లోపల లీక్ ఏమైనా ఉందేమో అని నా భయం. మీరు ఇప్పుడే వచ్చి చూడాలి" అన్నాను. అవతల నుంచి కాసేపు మాట లేదు. తర్వాత "వస్తున్నాను" అన్నారు.

వచ్చారు. పొట్ట మీద చెయ్యి వేయగానే డాక్టర్ మొహం మారిపోయింది. ఏబీజీ, అంటే ధమని రక్తంలో వాయువులు, ఆమ్లం చూసే పరీక్ష, తీస్తే బైకార్బొనేట్ తగ్గింది, కార్బన్ డయాక్సైడ్ తగ్గింది, కణాలకి ఆక్సిజన్ చాలనప్పుడు పెరిగే ల్యాక్టేట్ 4 దాటింది. సీనియర్ సర్జన్‌ని పిలిచారు, సీటీ తీశారు. పేగు కుట్టిన చోట లీక్. తెల్లవారకముందే ఆపరేషన్ థియేటర్‌కి తీసుకెళ్ళారు. ట్రాలీ మీదికి మార్చేటప్పుడు బీపీ తొలిసారి 90 కిందికి పడింది. అంటే బీపీ పడేదాకా ఆగి ఉంటే ఆ ఫోన్ కాల్ కొన్ని గంటల తర్వాత వెళ్ళేది. ఆయన ఐసీయూలో ఉండి, కోలుకుని ఇంటికి వెళ్ళారు.

ఇదంతా ఎందుకు జరుగుతుందో తెలిస్తే మీరు ఇక ఆ గడిలో ఊరికే 18 రాయలేరు. ఇన్ఫెక్షన్ వల్లో రక్తం పోవడం వల్లో ఒంట్లో కణాలకి అందాల్సిన ఆక్సిజన్ అందకపోతే ఆమ్లం పేరుకుంటుంది. మెడలోని కెరోటిడ్ ధమనుల దగ్గరా మెదడు అడుగునా ఉండే గ్రాహకాలు దాన్ని వెంటనే పసిగట్టి ఊపిరి వేగం పెంచుతాయి, కార్బన్ డయాక్సైడ్‌ని బయటికి తోసి రక్తాన్ని సరిచేసుకోవాలని చూస్తాయి. షుగర్ పేషెంట్ కీటోఅసిడోసిస్‌లో, అంటే ఇన్సులిన్ చాలక రక్తంలో ఆమ్లం పేరుకున్నప్పుడు, లోతుగా, ఆగకుండా ఊపిరి తీయడం కూడా ఇదే పని. ఊపిరితిత్తులు బాగానే ఉంటాయి కాబట్టి సాచురేషన్ 97 చూపిస్తూనే ఉంటుంది. ఎదురుగాలిలో సైకిల్ తొక్కేవాడి వేగం తగ్గలేదని మనం నిశ్చింతగా ఉంటే, అతని కాళ్ళు పడే కష్టం మనకి కనిపించదు. సాచురేషన్ ఆ వేగం, ఊపిరి ఆ కాళ్ళు.

ఊపిరితిత్తుల్లోనే సమస్య ఉన్నా సాచురేషన్ ఆలస్యంగానే చెబుతుంది. ధమని రక్తంలో ఆక్సిజన్ ఒత్తిడి 100 నుంచి 60 దాకా పడిపోయినా క్లిప్పు మీద ఇంకా 90 దగ్గర కనిపిస్తుంది. అక్కడి నుంచి మాత్రం గబగబా పడిపోతుంది. బీపీ కూడా అంతే. రక్తస్రావంలో ఒంట్లోని రక్తంలో దాదాపు 30 శాతం పోయేదాకా పై బీపీ నిలబడి ఉండొచ్చు, ముఖ్యంగా కుర్రవాళ్ళలో. ఈలోగా పల్స్, ఊపిరి పెరుగుతూ వస్తాయి.

ఆ వేలి క్లిప్పుని, అదే పల్స్ ఆక్సీమీటర్‌ని, నేను తక్కువ చేయట్లేదు. 1970లలో జపాన్ ఇంజినీర్ టకువో అయోయాగి ఆ సూత్రం కనిపెట్టకపోతే మత్తుమందు ఇచ్చిన పేషెంట్లు ఎందరు మన కళ్ళముందే పోయేవారో. కానీ చేతులు చల్లబడినా, గోళ్ళకి రంగున్నా అది తప్పు చూపించొచ్చు. చర్మం బాగా నల్లగా ఉన్నవాళ్ళలో అసలు ఉన్నదానికన్నా ఎక్కువ చూపించే అవకాశముందని పరిశోధనలు తేల్చాయి.

ఊపిరి, పల్స్, బీపీ లాంటివాటికి పాయింట్లు వేసి పేషెంట్ పరిస్థితి దిగజారుతోందేమో చెప్పే న్యూస్ 2 స్కోర్ మీ వార్డులో వాడతారో లేదో తెలియదు. బ్రిటన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో తెచ్చి 2017లో సవరించింది. అందులో ఊపిరి 21 నుంచి 24 ఉంటే 2 పాయింట్లు, 25 లేదా ఎక్కువ ఉంటే 3. నేను చెప్పిన పెద్దాయన్ని ఆ స్కోర్‌లో పెట్టి చూడండి. ఊపిరికి 3, పల్స్‌కి 1, మిగతావన్నీ సున్నా. మొత్తం 4. ఏ ఒక్క దాంట్లోనైనా 3 వస్తే డాక్టర్ త్వరగా వచ్చి చూడాలని దాని నియమం. అదే చార్టులో ఉన్నట్టు 18 వేస్తే మొత్తం 1. ఎంత గొప్ప స్కోర్ అయినా, ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ అయినా, మనం ఊరికే వేసిన అంకె మీద లెక్క కడితే ఏం లాభం?

ఇక్కడ మేనేజ్‌మెంట్ల గురించి ఒక మాట అనకుండా ఉండలేను. ఒక్క సిస్టర్‌కి వార్డు నిండా పేషెంట్లని అప్పజెప్పి, అదే సమాచారాన్ని కేస్ షీట్‌లో ఒకసారి, రిజిస్టర్‌లో ఒకసారి, కంప్యూటర్‌లో ఒకసారి రాయిస్తారు. తర్వాత ఆడిట్‌కి వచ్చి గడి ఖాళీగా ఉందా లేదా అని చూస్తారు. అందులోని అంకె నిజమా అని అడిగినవాళ్ళని నేను చూడలేదు. ఖాళీ గడికి మెమో వస్తుంది, అబద్ధపు అంకెకి ఏమీ రాదు. అలాంటప్పుడు 18 రాకుండా ఏమొస్తుంది? ఈ పరిస్థితిలో కూడా నిలబడి లెక్కపెట్టే సిస్టర్లు ఉన్నారు. వాళ్ళకి నా దండం.

సరే, ఎలా లెక్కపెట్టాలి. పేషెంట్‌కి చెప్పకండి, చెబితే ఊపిరి మారిపోతుంది. పల్స్ చూశాక చెయ్యి వదలకుండా అలాగే ఉండి చూపు ఛాతీ మీదికి తిప్పండి. దుప్పటి మీదనుంచి లెక్కపెట్టకండి. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో హెచ్చించకండి, ఒక్కటి తేడా వస్తే నాలుగు తేడా వస్తుంది. నిమిషం పాటు చూస్తే అంకెతో పాటు ఇంకెన్నో కనిపిస్తాయి. మెడ కండరాలు లాగుతున్నాయా, మధ్యలో ఊపిరి ఆగి మళ్ళీ మొదలవుతోందా, రెండు వైపులా ఛాతీ సమానంగా లేస్తోందా, మాట పూర్తిచేయగలుగుతున్నారా. నా మటుకు ఈ నిమిషమే పేషెంట్‌తో మనకుండే అసలైన పరిచయం.

పిల్లల వార్డుకి మారితే ఇది మరీ ముఖ్యం. పసివాళ్ళలో పొట్ట కదలికని లెక్కపెట్టాలి, ఏడుస్తున్నప్పుడు లెక్కపెట్టకూడదు. దగ్గు, ఆయాసంతో వచ్చిన పిల్లల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దులు గుర్తుపెట్టుకోండి: రెండు నెలల లోపు 60, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50, ఏడాది నుంచి అయిదేళ్ళ దాకా 40. అక్కడికి చేరినా, దాటినా వేగంగా ఊపిరి తీస్తున్నట్టే.

మార్ఫిన్ లాంటి బలమైన నొప్పి మందులు ఇచ్చిన పేషెంట్ దగ్గర వ్యవహారం తిరగబడుతుంది. అక్కడ భయం ఊపిరి తగ్గడం. ముట్టుకోకముందే, లేపకముందే లెక్కపెట్టండి, లేపితే ఊపిరి పెరిగి అసలు సంగతి దాగిపోతుంది. గురక పెడుతూ హాయిగా నిద్రపోతున్నారని అటెండెంట్లు సంతోషపడుతుంటారు. పిలిస్తే కళ్ళు తెరిచి, మాట మధ్యలోనే మళ్ళీ నిద్రలోకి జారుకుంటున్నారంటే వెంటనే డాక్టర్‌ని పిలవాలి. ఊపిరి నిమిషానికి 8కి పడిపోయేదాకా చూస్తూ కూర్చోకూడదు. ఆక్సిజన్ మాస్క్ ఉంటే ఇంకా మోసం, లోపల కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటున్నా సాచురేషన్ 98 చూపిస్తూ ఉంటుంది.

ఇక డాక్టర్ పట్టించుకోకపోతే ఏం చేయాలన్నారు. "సార్, పేషెంట్ ఎందుకో బాగాలేడనిపిస్తోంది" అని ఫోన్ చేయకండి. మీకు అనిపించింది నిజమే అయినా, నిద్రమత్తులో ఉన్న మనిషికి అందులో పట్టుకోవడానికి ఏమీ దొరకదు. అమెరికా నౌకాదళం నుంచి ఆసుపత్రులకి వచ్చిన ఎస్‌బార్ పద్ధతి పనికొచ్చేది ఇక్కడే: ఇప్పుడేం జరుగుతోంది, పేషెంట్ నేపథ్యం ఏమిటి, నా అంచనా ఏమిటి, మీరు ఏం చేయాలి. మనవాళ్ళు మొదటి రెండూ చెప్పి ఆగిపోతారు. అంచనా చెప్పడం మన హద్దు కాదేమో అని జంకు. చెప్పండి. "మీరు వచ్చి చూడాలి" అన్న మాట కూడా నోటితో అనండి.

అయినా రాకపోతే, చెప్పిన టైము, మీరు చెప్పిన అంకెలు, ఆయన ఇచ్చిన జవాబు నర్సెస్ నోట్స్‌లో అక్కడికక్కడే రాయండి. పావుగంటలో మళ్ళీ ఊపిరి లెక్కపెట్టండి. తగ్గకపోతే ఆయనకి "సార్, నేను మీ సీనియర్‌కి కూడా చెబుతున్నాను" అని ముందే చెప్పి, ఇన్‌చార్జి సిస్టర్‌కి చెప్పి, పైవాళ్ళకి ఫోన్ చేయండి. తిడతారేమోనని టెన్షన్ పడకండి. కొత్తలో నన్నూ తిట్టారు. నిండు నిమిషం లెక్కపెట్టిన అంకె చేతిలో ఉన్నప్పుడు మాత్రం ఏ సీనియరూ ఫోన్ పెట్టేయలేదు.