వాచీలో 28 చూసి భయపడాలా?

ప్రశ్న: నా వయసు 42. ఐటీ ఉద్యోగం. షుగర్, బీపీ లేవు. రెండు నెలలుగా స్మార్ట్‌వాచ్ పెట్టుకుంటున్నాను. అందులో హెచ్‌ఆర్‌వీ (గుండె దెబ్బల మధ్య ఎడంలో వచ్చే తేడా) 28 మిల్లీసెకన్లు అని వస్తోంది. ఆఫీసులో నా స్నేహితుడికి 61. గుండె దెబ్బల మధ్య తేడా ఎక్కువుంటేనే మంచిదట. మరి ఈమధ్య నా ఈసీజీలో ‘సైనస్ అరిద్మియా’ అని రాశారు, అంటే లయలో తేడా ఉన్నట్టే కదా? ఏది నమ్మాలి? ఈ ఆలోచనతో రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు.
– ఒక పాఠకుడు

సలహా: రెండూ నిజమే. ముందు ఒక పని చేయండి. స్థిమితంగా కూర్చుని, మణికట్టు మీద బొటనవేలి వైపు మూడు వేళ్లు ఆనించి నాడి చూసుకోండి. ఐదు సెకన్లు గాలి పీల్చి, ఐదు సెకన్లు వదలండి. పీల్చేటప్పుడు నాడి కాస్త జోరుగా, వదిలేటప్పుడు నిదానంగా కొట్టుకోవడం చాలామందికి వేళ్లకే తెలుస్తుంది. సైనస్ అరిద్మియా అంటే సాధారణంగా ఇదే. పేరు భయపెట్టేలా ఉన్నా జబ్బు కాదు. పిల్లల్లో ఇంకా బాగా కనిపిస్తుంది.

నిమిషానికి 72 సార్లు కొట్టుకునే గుండెలో దెబ్బకీ దెబ్బకీ మధ్య ఎడం సగటున 833 మిల్లీసెకన్లు. కానీ ఒకసారి 800, ఇంకోసారి 860, మళ్లీ 825 ఉంటుంది. గుండె కుడివైపు పై గదిలోని సైనస్ నోడ్‌ను దాని మానాన వదిలేస్తే నిమిషానికి 100 దాకా కొడుతుంది. మెదడు నుంచి దిగే వేగస్ నరం దానికి కళ్లెం. గాలి పీల్చినప్పుడు ఆ కళ్లెం సడలుతుంది, వదిలినప్పుడు బిగుస్తుంది. ఈ తేడానే వాచీ లెక్క కడుతోంది. నిద్ర చాలకపోయినా, జ్వరం వచ్చినా, మద్యం తాగినా, టెన్షన్ పడినా అంకె పడిపోతుంది. వయసుతో పాటూ తగ్గుతుంది.

మీ వయసులో 28 చాలామందికి ఉండేదే. ఈసీజీ కాగితం మీద ఒక్క చిన్న గడి అంటే 40 మిల్లీసెకన్లు. మీకు నిద్ర లేకుండా చేస్తున్న 28 ఆ ఒక్క గడి అంత కూడా లేదు! స్నేహితుడితో పోల్చుకోవద్దు. ఒక్కో కంపెనీ వాచీ ఒక్కో పద్ధతిలో లెక్క కడుతుంది. పైగా అది చర్మం మీద లైటు వేసి రక్తప్రవాహాన్ని బట్టి అంచనా వేస్తుంది కాబట్టి, పట్టీ వదులైనా చెయ్యి కదిలినా లెక్క తప్పుతుంది. చూసుకోవాలంటే మీ అంకెనే కొన్ని వారాల పాటు చూసుకోండి.

అంకె పెద్దదైతే మంచిదే అని కూడా అనుకోకండి. ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో గుండె ఊపిరితో సంబంధం లేకుండా అడ్డదిడ్డంగా కొట్టుకుంటుంది. అప్పుడూ పెద్ద అంకే రావచ్చు. కానీ అది పక్షవాతం ముప్పు ఉన్న జబ్బు.

మేం ఈ తేడాను నిజంగా పట్టించుకునేది షుగర్ ఉన్నవారిలో. నిమిషానికి ఆరుసార్లు ఊపిరి తీయించి ఈసీజీ తీస్తాం. పీల్చినప్పటికీ వదిలినప్పటికీ గుండె వేగంలో 15 పైన తేడా ఉంటే సాధారణం. 10 లోపు ఉంటే నరాలు దెబ్బతిన్నాయేమోనని అనుమానిస్తాం. అలాంటివారికి గుండెపోటు వచ్చినా నొప్పి తెలియకపోవచ్చు. చాలా ఏళ్లుగా షుగర్ ఉన్న పాఠకులు దయచేసి ఈ పరీక్ష గురించి మీ డాక్టర్‌ను అడగండి.

మీరు మాత్రం రెండు వారాలు వాచీ తీసేసి పడుకోండి. దడ వచ్చి పోతుంటే 24 గంటల హోల్టర్ పరీక్ష (ఒంటికి చిన్న యంత్రం తగిలించి రోజంతా ఈసీజీ తీయడం) చేయించాలి. ఛాతీనొప్పి, ఆయాసం, కళ్లు తిరగడం, స్పృహ తప్పడం ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. రెండు వారాల తర్వాత కూడా నిద్ర పట్టకపోతే నిద్ర కోసమే డాక్టర్‌ను కలవండి. గురక ఉంటే ఆ సంగతీ చెప్పండి.