మా బుజ్జిగాడికి తోడు తేవాలా, వద్దా?

ప్రశ్న: అక్కా, మాది తిరుపతిలో బైరాగిపట్టెడ. మూడేళ్ల కిందట పాప కోసం ఒక జత బడ్జీలను, అంటే చిన్న చిలుక జాతి పిట్టలను, కొన్నాం. సంక్రాంతి వెళ్లిన వారానికి ఆడపిట్ట రెండు రోజులు ఈకలు ఉబ్బించుకుని మూలన కూర్చుని చచ్చిపోయింది. అప్పట్నుంచీ మగది, మా బుజ్జిగాడు, అద్దం ముందు నుంచి కదలడం లేదు. తిన్న గింజలు కక్కి అద్దానికి తినిపించబోతాడు. పగలంతా మేం ఉద్యోగాలకు, పాప బడికి. ఇంట్లో మా అత్తగారొక్కరే, ఆమెకు ఆయాసం. పాప కాక్‌టైల్ పిట్ట కావాలంటోంది. పక్కింటాయన రామచిలుక పిల్లను తెచ్చిస్తానంటున్నారు. మావారు ఉన్నది చాలంటున్నారు. వాణ్ని చూస్తే నాకు కడుపు తరుక్కుపోతోంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: తెచ్చుకోండమ్మా, కానీ ఇప్పుడే కాదు. బడ్జీలు ఆస్ట్రేలియాలో గుంపులుగా బతికే పిట్టలు. రోజుకు ఎనిమిది గంటలు ఇల్లు నిశ్శబ్దంగా ఉంటే వాడికి కష్టమే. అద్దానికి గింజలు కక్కడం జబ్బు కాదు. మగ బడ్జీ తన జతకు అలాగే తినిపిస్తుంది. వాడు అద్దంలో ఉన్నదాన్ని జత అనుకుంటున్నాడు.

అయితే ఆడపిట్ట ఎందుకు పోయిందో మనకు తెలియదు. ఈకలు ఉబ్బించుకుని కూర్చోవడం ఏ జబ్బులోనైనా కనిపించే గుర్తు. అంటుజబ్బే అయ్యుంటే అది బుజ్జిగాడిలోనూ ఉండొచ్చు, పైకి హుషారుగా కనిపించినా సరే. తిరుపతిలో ఉండి మీరు దిగులుపడాల్సిన పని లేదు. 1955 నుంచీ మన ఊళ్లో పశువైద్య కళాశాల ఉంది. పొద్దున్నే పంజరంలో శుభ్రమైన కాగితం వేసి, దాని మీద పడిన రెట్టతో సహా వాణ్ని అక్కడికి తీసుకెళ్లి చూపించండి. ఆ తర్వాతే కొత్త పిట్ట మాట.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. పిట్టలు పెంచడం మొదలుపెట్టిన కొత్తల్లో నేను ఒక అంగట్లో ఆకుపచ్చ బడ్జీని కొని, ఇంటికి రాగానే పాత జతతో కలిపేశాను. ముచ్చటగా ముగ్గురూ ఒకే కొమ్మ మీద కూర్చున్నారు. నాలుగో రోజు చూస్తే కొత్తదానికి ఊపిరి పీల్చినప్పుడల్లా తోక పైకీ కిందికీ ఊగుతోంది. ఊరికే కూర్చున్న పిట్టకు తోక అలా ఊగిందంటే ఊపిరి అందడం లేదని అర్థం. నాకప్పుడు తెలియదు, ముద్దుగా ఊగుతోందనుకున్నాను. పదకొండు రోజుల్లో మూడూ పోయాయి. ఇప్పటికీ ఏ పిట్టను చూసినా నా కళ్లు ముందు తోక మీదికే పోతాయి.

అందుకే కొత్తదాన్ని నలభై రోజులు వేరే గదిలో, వేరే పంజరంలో ఉంచాలి. ముందు బుజ్జిగాడికి మేత, నీళ్లు పెట్టి, ఆ తర్వాతే కొత్తదాని దగ్గరికి వెళ్లండి. వచ్చాక చేతులు సబ్బుతో కడుక్కోండి. రెట్ట ఎండితే దుమ్ములా లేస్తుంది కాబట్టి కాగితం మీద నీళ్లు చిలకరించి తీయండి. చిలుక జాతి పిట్టల నుంచి మనుషులకు అంటే సిట్టకోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు ఒకటుంది. అందుకే అత్తగారి గది వద్దు. వంటగది అసలే వద్దు. నాన్‌స్టిక్ పెనం బాగా మాడితే వచ్చే పొగకు పిట్టలు నిమిషాల్లో చచ్చిపోతాయి. ఈ లెక్కన మీ ఇంట్లో ఆ నలభై రోజులకు ఒక గది ఖాళీగా ఉందా? మీవారు వద్దంటున్నారని కోపం తెచ్చుకోకుండా ఇద్దరూ కూర్చుని ముందు ఇది తేల్చుకోండి. రెండూ పొసగకపోతే రెండు పంజరాలూ ఎప్పటికీ ఉంచాల్సిందే. దానికి ఇష్టపడితేనే తేవాలి.

రామచిలుక సంగతి ఒక్క ముక్కలో చెప్తాను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పట్టడం, అమ్మడం, ఇంట్లో పెంచడం నేరం. తొర్రలోంచి తల్లి లేనప్పుడు లాక్కొచ్చిన పిల్ల అది. మీ పక్కింటాయనకు వద్దని చెప్పండి.

కాక్‌టైల్ చాలా మంచి పిట్ట. కానీ దాని ఈకల నుంచి సన్నటి తెల్లపొడి రాలుతూనే ఉంటుంది. ఆయాసం ఉన్న పెద్దావిడ రోజంతా ఉండే ఇంట్లో వద్దు. పైగా పదిహేను, ఇరవై ఏళ్లు బతుకుతుంది. పాప పెళ్లయి వెళ్లాక కూడా మీరే చూసుకోవాలి.

కాబట్టి ఇంకో బడ్జీయే. నా ఓటు మగదానికి. ముక్కు మీది మెత్తటి భాగం నీలంగా ఉంటే సాధారణంగా మగది, గోధుమరంగైతే ఈడొచ్చిన ఆడది. మగవి రెండూ కబుర్లాడుకుంటూ కలిసిపోతాయి. ఆడదాన్ని తెస్తే గుడ్ల వ్యవహారం మొదలవుతుంది, గుడ్డు అడ్డుపడి చనిపోయే పిట్టలూ ఉన్నాయి. ఒకవేళ ఆడదే దొరికితే పంజరంలో మట్టికుండ మాత్రం కట్టకండి. గూడు కనబడితే గుడ్లు పెట్టే ఆలోచన వస్తుంది.

పాపకు ఒక మాట ముందే చెప్పండి. తోడు దొరికాక బుజ్జిగాడు తన భుజం మీద వాలడం తగ్గించొచ్చు. అది ఒప్పుకుంటేనే సరే అనమనండి.

ఏప్రిల్, మే నెలల్లో మన ఊరి ఎండ సంగతి మీకు తెలుసు. ఆ వేడిలో ప్రయాణం, కొత్త చోటు, రెండూ ఆ చిన్న ప్రాణానికి ఎక్కువ. నాలుగు వానలు పడ్డాక తెచ్చుకోండి. ఈలోగా పగలు అత్తగారిని రేడియో పెట్టి ఉంచమనండి, సాయంత్రం పాపను గంటసేపు వాడితో గడపమనండి. అద్దం అప్పుడే తీయకండి. నలభై రోజులు గడిచి, రెండు పంజరాలూ పక్కపక్కన పెట్టిన రోజు తీసేయండి. ఆ రోజు కమ్మీలకు అటొకటి, ఇటొకటి కొర్ర కంకులు ఎదురెదురుగా కట్టండి. ఇద్దరూ ఒకే వేళకు అక్కడికొచ్చి తినడం మొదలుపెట్టారంటే, ఇంకో నాలుగు రోజులాగి తలుపు తెరవొచ్చు.