నాన్నగారి మందులన్నీ ఒక్క డాక్టరైనా కలిపి చూశారా?

ప్రశ్న: మా నాన్నగారికి 78 ఏళ్లు. బీపీ, షుగర్, మోకాళ్ల నొప్పులు ఉన్నాయి. ముగ్గురు స్పెషలిస్టులకు చూపిస్తున్నాం. రోజుకు 11 రకాల మాత్రలు వేసుకుంటారు. రెండు నెలల క్రితం న్యుమోనియాతో తొమ్మిది రోజులు ఆస్పత్రిలో ఉన్నారు. మూడో రోజు రాత్రి నుంచి ఏదేదో మాట్లాడారు, సెలైన్ పీకేసుకున్నారు. జబ్బు తగ్గి ఇంటికొచ్చాక మాటలు సరిగ్గానే ఉన్నాయిగానీ మంచం దిగడం లేదు. ఇది మతిమరుపు జబ్బుకు మొదలా? ఇంకా పెద్ద డాక్టర్‌కు చూపించాలా? వృద్ధుల వైద్యం మెరుగుపడటానికి ఏం చేయాలో పరిశోధనలు ఏమైనా చెబుతున్నాయా?

జవాబు: ముందు మీ టెన్షన్ సంగతి చూద్దాం. ఆస్పత్రిలో ఆయన మాట్లాడినవి సంధి మాటలు. వైద్యంలో దీన్ని డెలీరియం అంటాం. ఇన్ఫెక్షన్, ఒంట్లో నీరు తగ్గడం, కొత్త మందులు, నిద్రలేమి, చుట్టూ కొత్త మనుషులు... ఇవన్నీ కలిసి పెద్దవాళ్ల మెదడును ఒక్కసారిగా తికమక పెడతాయి. మతిమరుపు జబ్బు నెలలు, సంవత్సరాల మీద మెల్లగా వస్తుంది. ఇది గంటల్లో వస్తుంది. అయితే ఒకసారి సంధి వచ్చినవాళ్లకు తర్వాత జ్ఞాపకశక్తి పరీక్ష చేయించడం మంచిది. మళ్లీ హఠాత్తుగా అలా మాట్లాడినా, మత్తుగా పడుకుండిపోయినా అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లండి.

దీన్ని కొంతవరకు ఆపవచ్చని 1999లోనే తేలింది. అమెరికాలో డాక్టర్ షారన్ ఇనౌయే బృందం 70 ఏళ్లు దాటిన 852 మంది రోగులను పరిశీలించింది. మామూలు వైద్యం అందినవారిలో 15 శాతం మందికి సంధి వస్తే, ప్రత్యేక శ్రద్ధ తీసుకున్నవారిలో అది 9.9 శాతమే. ఆ శ్రద్ధలో ఖరీదైన మందులేమీ లేవు. కళ్లజోడు, చెవి మెషిన్ తీసేయకుండా ఉంచడం, ఈరోజు ఏ తేదీ, ఇప్పుడెక్కడున్నారు అని గుర్తుచేయడం, నీళ్లు తాగించడం, నడిపించడం, రాత్రిపూట చప్పుడు లేకుండా నిద్రపోనివ్వడం. మా వార్డుల్లో కళ్లజోడు చాలాసార్లు ఇంటివాళ్ల హ్యాండ్‌బ్యాగులోనే ఉండిపోతుంది!

ఇక మంచం దిగకపోవడం. ఏ జబ్బూ లేని వృద్ధులను పది రోజులు మంచం మీదే ఉంచి చూస్తే, కాళ్లలో దాదాపు కిలో కండ కరిగిపోయింది. మీ నాన్నగారికి తొమ్మిది రోజులతో పాటు జ్వరం కూడా. కాబట్టి అది బద్ధకం కాదు, ఆయన్ను కోప్పడకండి. చేతులున్న కుర్చీలో కూర్చోబెట్టి లేపడం రోజుకు రెండు మూడు పూటలు చేయించండి, మొదట్లో ఫిజియోథెరపిస్టు పక్కనుంటే మేలు. అంతకు ముందు ఒకసారి పడుకోబెట్టి, తర్వాత నిలబెట్టి బీపీ చూపించండి. నిలబడగానే బీపీ పడిపోతుంటే మందులు మార్చాలి.

అసలు విషయం ఆ 11 మాత్రలు. బీపీకి ఆమ్లోడిపిన్ వేసుకుంటే కొందరికి పాదాలు వాస్తాయి. అది మందు వల్లేనని గమనించని మరో డాక్టర్ నీరు తీసే మాత్ర రాస్తారు. దాంతో రాత్రి నాలుగుసార్లు బాత్రూంకు లేస్తారు. నిద్ర చాలడం లేదంటే నిద్రమాత్ర. ఆ మత్తులో బాత్రూం దారిలో జారిపడతారు. ఇందులో ఎవరి చీటీ చూసినా తప్పు కనిపించదు. వృద్ధులకు వీలైనంతవరకు ఇవ్వకూడని మందుల జాబితాను డాక్టర్ మార్క్ బీర్స్ 1991లోనే తయారుచేశారు. దాన్ని ఇప్పటికీ సవరిస్తూ వాడుతున్నాం. కొన్ని నిద్రమాత్రలు, మత్తెక్కించే పాత రకం అలర్జీ మాత్రలు అందులో ఉన్నాయి. ఇంట్లో ఉన్న మందులన్నీ, నొప్పి మాత్రలు, ఆయింట్‌మెంట్లతో సహా, ఒక సంచీలో వేసుకుని వెళ్లండి. ఒకే మందు రెండు పేర్లతో దొరికినా ఆశ్చర్యపోకండి. కానీ మీ అంతట మీరు ఏదీ ఆపొద్దు. కొన్నింటిని మెల్లగా తగ్గించాలి.

మరో పెద్ద డాక్టర్ అవసరమా అంటే, నాలుగో స్పెషలిస్టు వద్దు. వృద్ధుల వైద్య నిపుణులు, అంటే జెరియాట్రీషియన్ దొరికితే వారికి చూపించండి. లేదంటే మొత్తం బాధ్యత తీసుకునే ఒక్క జనరల్ ఫిజీషియన్ చాలు. ఆస్పత్రిలో చేరిన వృద్ధుల మందులు, నడక, మనసు, ఇంటి పరిస్థితి అన్నీ ఒక బృందం కలిపి చూస్తే ఏమవుతుందో 29 అధ్యయనాలను కలిపి 2017లో పరిశీలించారు. మరణాలు తగ్గినట్టు తేలలేదు. కానీ కొన్ని నెలల తర్వాత కూడా సొంత ఇంట్లో ఉండగలిగినవారు ఎక్కువ. ప్రయత్నాలన్నీ ఫలించాయనీ చెప్పను. పడిపోయి దెబ్బలు తగలడాన్ని తగ్గించాలని 5 వేల మందికి పైగా వృద్ధులతో చేసిన ఒక అధ్యయనంలో, 2020లో తేలిన తేడా చాలా స్వల్పం. మా రంగంలో అదింకా తెగని లెక్కే.

డాక్టర్ దగ్గరికి వెళ్లేముందు మీ నాన్నగారిని ఒక మాట అడగండి: ‘ఏ పని మళ్లీ సొంతంగా చేసుకోవాలని ఉంది?’ అని. గేటు దాకా నడిచి పేపర్ తెచ్చుకుంటే చాలని నా పేషెంట్ ఒకాయన చెప్పారు. ఆయనకు షుగర్ మందు తగ్గించాలా, మోకాలికి ఏం చేయాలా అన్నవి ఆ గేటును బట్టే నిర్ణయించాం. మీ నాన్నగారు చెప్పింది కాగితం మీద రాసి, షుగర్ రిపోర్టు కంటే ముందు అది డాక్టర్‌కు చూపించండి.