పుపూసాకి ఫోర్క్ ఎందుకండీ?

ప్రశ్న: వర్జీనియాలోని హెర్న్‌డన్‌కి వచ్చి రెండు నెలలైంది. మా అపార్ట్‌మెంట్ పక్కనే ఎల్ సాల్వడార్ వాళ్ల చిన్న హోటల్ ఉంది. ఎప్పుడు చూసినా జనమే. నేను చికెన్ తింటాను, మా ఆవిడ గుడ్డు కూడా ముట్టదు. మెనూ అంతా స్పానిష్‌లోనే ఉంది. వెళ్లొచ్చా?

జవాబు: వెళ్లండి. నేను ఈ పక్కకి వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. ఇండియన్ రెస్టారెంట్లో బఫే తిని బయటికొచ్చినప్పటికంటే వాళ్ల పుపూసా, అంటే లోపల కూర పెట్టి కాల్చే మొక్కజొన్న రొట్టె, తిని వచ్చినప్పుడే కడుపు నిండినట్టుంటుంది నాకు.

ఎల్ సాల్వడార్ వాళ్లు ఇక్కడ ఇంతమంది ఎందుకున్నారంటే, 1980 నుంచి 1992 దాకా వాళ్ల దేశంలో అంతర్యుద్ధం జరిగింది. ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చినవాళ్లు చాలామంది వాషింగ్టన్ డీసీ చుట్టుపక్కలే, అంటే మన వైపే, స్థిరపడ్డారు. తర్వాత వాళ్ల వెనకే బంధువులూ వచ్చారు.

పుపూసా అంటే బొబ్బట్టు పద్ధతే అనుకోండి. సున్నపు నీళ్లలో ఉడికించి రుబ్బిన మొక్కజొన్న ముద్దని అరచేతిలో గుంట చేసి, కూర పెట్టి, మూసి, చేతుల మధ్య చప్పట్లు కొడుతూ మందంగా తడతారు. వంటింట్లోంచి ఆ చప్పుడు వినపడుతుంది. చెప్పాకే చేస్తారు కాబట్టి పావుగంట పైనే పట్టొచ్చు, ఆకలి మీద వెళ్లి విసుక్కోకండి. మనిషికి రెండు చాలు. 2005లో అక్కడి చట్టసభ దీన్ని జాతీయ వంటకంగా ప్రకటించింది. నవంబర్ రెండో ఆదివారం పుపూసాల రోజు.

ఇక మీ ఆవిడ సంగతి. నేను మొదటిసారి వెళ్లినప్పుడు 'రెవుయెల్తా' అంటే కలిపినది అని ఎవరో చెప్పిన ముక్క గుర్తుపెట్టుకుని, మిక్స్‌డ్ వెజ్ కాబోలని రెండు చెప్పాను. ఒకటిన్నర తిన్నాక తెలిసింది, అందులో చీజ్, బీన్స్‌తో పాటు పంది మాంసం కూడా ఉందని. తప్పు నాదే. 'చిచారోన్' అన్న మాట కనపడితే పందే. ఇక్కడ దాన్ని ముద్దలా నూరేస్తారు కాబట్టి ముక్క కంటికి ఆనదు.

ఆవిడకి 'కేసో కోన్ లొరోకో' చెప్పండి. చీజ్, లొరోకో అనే తీగ మొగ్గలు. మనం అవిసె పూలు, మునగ పూలు వండుకోమా, అలాగే. బీన్స్‌తో చిక్కేమిటంటే చాలా చోట్ల పంది కొవ్వుతో వేయిస్తారు. మాంసం లేదు అన్నంత మాత్రాన అది లేనట్టు కాదు. "లోస్ ఫ్రిహోలెస్ యేవాన్ మాంతేకా?" అని అడగండి. మాంతేకా అంటే ఆ కొవ్వే. అన్నీ ఒకే పెనం మీద కాలుస్తారని కూడా మీ ఆవిడకి ముందే చెప్పేయండి. అది పట్టింపు ఉంటే ఆవిడకి ఈ హోటల్ కుదరదు, బలవంతం చేయకండి. కేసదీయా కూడా జాగ్రత్త. వీళ్ల దగ్గర అది చాలావరకు చీజ్ వేసి చేసే తీపి కేకు, గుడ్డు ఉంటుంది. ఓర్చాతా అనే పానీయంలో వేరుశెనగ, నువ్వులు పడతాయి, అలర్జీ ఉన్నవాళ్లు అడిగి తాగాలి.

ఫోర్క్ పక్కన పెట్టేయండి. వాళ్లూ చేత్తోనే తింటారు. బల్ల మీద జాడీలో కుర్తీదో ఉంటుంది. అది వెనిగర్‌లో ఊరిన క్యాబేజీ, క్యారెట్. పుపూసా మీద బోలెడంత వేసుకుని, పల్చటి టమాటా సాస్ పోసుకుని, అంచు తుంచి దానితోనే క్యాబేజీని పట్టుకుని తినడం. జాడీలోది చెంచాతో, ఎడమ చేత్తో తీసుకోండి, ఎంగిలి చేయి పోనివ్వొద్దు. లోపలి చీజ్ మాత్రం నాలుక కాలుస్తుంది, తుంచి ఒక నిమిషం ఆగండి.

కారం ఉండదు, ముందే చెబుతున్నా. లోపలికి వెళ్తూ "బ్వెనాస్" అని పలకరిస్తే వాళ్ల మొహం వికసిస్తుంది. మిగతాదంతా మెనూ మీద వేలు పెట్టి చూపిస్తే సరిపోతుంది. టిప్పు మామూలే, కొంచెం నగదు కూడా దగ్గరుంచుకోండి.

పుపూసా మిగిలితే కుర్తీదో విడిగా కట్టించుకోండి. మర్నాడు మైక్రోవేవ్‌లో పెడితే తోలులా సాగుతుంది, పొడి పెనం మీద రెండు వైపులా కాల్చాలి. మా ఇంట్లో దాంట్లోకి ఆవకాయ వేసుకుంటాం. వాళ్ల హోటల్లో సీసా తీయకండి గానీ, ఇంట్లో ఎవరు చూడొచ్చారు!