‘క్వైట్ గుడ్’ అంటే బాగుందనా, బాగానే ఉందనా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంగ్లండులో ఎమ్మెస్సీ చదువుతోంది. మొన్న తన వ్యాసం మీద ప్రొఫెసర్ గారు ‘క్వైట్ గుడ్’ అని రాశారట. డల్లాస్‌లో ఉన్న మా అబ్బాయి ‘అంటే చాలా బాగుందని’ చెప్పాడు. ఇంటిల్లిపాదీ సంబరపడ్డాం. తీరా చూస్తే వచ్చింది 54 మార్కులు. అమ్మాయికి ఏడుపొక్కటే తక్కువ. ప్రొఫెసర్ మాట మార్చారా, మావాడు తప్పు చెప్పాడా?
ఒక తండ్రి, గుంటూరు

జవాబు: అయ్యా, ఇద్దరూ నిజమే చెప్పారు. మీ అబ్బాయి ఉండే అమెరికాలో ‘క్వైట్ గుడ్’ అంటే మామూలుగా మంచి మెచ్చుకోలే. అదే మాట ఇంగ్లండులో తరచు ఒక మెట్టు కిందికి దిగుతుంది.

ఆ మెట్టు మనకూ తెలిసిందే. భోజనాల దగ్గర మా ఆవిడ ‘పప్పు ఎలా ఉంది?’ అంటుంది. ‘బాగుంది’ అంటే ఇంకో గరిటె వడ్డిస్తుంది. ‘బాగానే ఉంది’ అన్నానా, గరిటె గిన్నెలోనే ఆగిపోతుంది. ‘ఏం, ఉప్పు తక్కువైందా?’ అని అడుగుతుంది. మధ్యలో చేరిన ఆ ‘నే’ ఎంత పని చేసిందో చూడండి! బ్రిటిష్ ప్రొఫెసర్ కలంలో ‘క్వైట్’ చేసిన పనీ అదే. అక్కడి ఎమ్మెస్సీలో సాధారణంగా 50 వస్తే పాస్, 60కి మెరిట్, 70కి డిస్టింక్షన్. 54 అంటే బాగానే ఉన్నట్టు.

అలాగని ‘క్వైట్’ ప్రతిచోటా తగ్గిస్తుందనుకోకండి. చలిలో కొంచెం చలి, బాగా చలి ఉంటాయి. అందుకే అక్కడివాళ్లు ‘క్వైట్ కోల్డ్’ అంటే ఓ మోస్తరు చలి. కానీ అసాధ్యంలో కొంచెం అసాధ్యం ఉండదు కదా. ‘క్వైట్ ఇంపాజిబుల్’ అన్నారంటే ఇంగ్లండులోనైనా ససేమిరా కుదరదనే. ‘పూర్తిగా’ అన్నదే ఈ మాటకి పాత అర్థం. ‘రెడీయా?’ అంటే ‘నాట్ క్వైట్’ అంటారే, ఇంకా పూర్తిగా కాలేదని, అందులోనూ అదే ఉంది. ‘క్వైట్ ఎ ఫ్యూ’ నాకు మరీ ఇష్టం. ‘ఎ ఫ్యూ’ అంటే కొద్దిమంది, ముందు ‘క్వైట్’ చేరిందా, చాలామంది అయిపోతారు!

నోటితో అన్నప్పుడు ఇంత చిక్కు లేదు. బ్రిటిష్‌వాళ్లు ‘గుడ్’ని ఒత్తి పలికితే మెచ్చుకున్నట్టు, ‘క్వైట్’ని ఒత్తితే ఏదో వెలితి ఉన్నట్టు. కాగితం మీద ఆ ఒత్తు కనిపించదు, పాపం అమ్మాయి అక్కడే పొరబడింది. 30 ఏళ్లు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పినవాణ్ణి, ఇంత చిన్న మాట దగ్గర పిల్లలు దెబ్బతింటే నాకూ బాధగానే ఉంటుంది.

ఆ కాగితం మళ్లీ తీసి, ‘క్వైట్ గుడ్’ తర్వాత ‘బట్’ అని ఉందేమో చూడమనండి. ఉంటే ఆయన అసలు చెప్పదలచుకున్నది దాని తర్వాతే ఉంటుంది. లేకపోతే అపాయింట్‌మెంట్ తీసుకుని, 60 దాటాలంటే ఈ వ్యాసంలో ఇంకేం ఉండాల్సిందో సూటిగా అడగమనండి. అలా అడిగితే అక్కడ ఎవరూ తప్పుగా అనుకోరు.