పాటిదిబ్బను తవ్వకుండా చదవడం ఎలా?

ప్రశ్న: తీరప్రాంతంలోని ఒక పాటిదిబ్బ (పాత కుండపెంకులు కనిపించే మట్టిదిబ్బ) పాతకాలపు ఊరేనని తవ్వకుండానే ఎలా గుర్తిస్తారు?

జవాబు: పారకు పని పడేది చాలా తరువాత, ముందుగా చేయవలసింది నడక. దిబ్బను తాళ్లతో సమానమైన గడులుగా విభజించి, ఒక్కొక్క గడిలో పైకి తేలిన కుండపెంకులు, పూసలు, ఇటుక ముక్కలు ఏరి, గడి సంఖ్య రాసిన సంచుల్లో విడివిడిగా వేస్తారు. ఎత్తుపల్లాలను కొలిచి పటం గీస్తారు. అయితే నాగలి సాగిన చోట పెంకులు స్థానం మారతాయి కనుక, పెంకులు దట్టంగా ఉన్నచోటే ఇళ్లుండేవని తొందరపడి చెప్పకూడదు.

తీరంలో మరో సౌలభ్యం ఉంది. నది కోసిన గట్టులో దిబ్బ పొరలు వాటంతటవే కనిపిస్తాయి. పుదుచ్చేరి దగ్గర అరియాంకుప్పం నది ఒడ్డున ఉన్న అరికమేడు ఇటువంటిదే. అక్కడ 1945లో పురావస్తు శాస్త్రవేత్త మార్టిమర్ వీలర్ జరిపిన తవ్వకాల్లో ఇటలీ నుంచి వచ్చిన అరెటైన్ పాత్రల ముక్కలు, రోమన్ మద్యం జాడీల పెంకులు దొరికాయి. వాటి కాలం తెలిసినదే కనుక, అదే పొరలోని స్థానిక పాత్రలకూ కాలం నిర్ణయించగలిగారు. ముఖ్యంగా రూలెటెడ్ పళ్లేలు: నున్నటి పళ్లెం లోపలి అడుగున సన్నని గాట్లు వలయాలుగా తిరిగి ఉంటాయి, వేలితో తడిమినా తెలుస్తాయి. మన అమరావతిలో, శాలిహుండంలో కూడా ఈ రకం దొరికింది.

ఇలా కాలం తెలిసిన రకం పెంకు పైన కనిపిస్తే, తవ్వకుండానే దిబ్బ కాలాన్ని అంచనా వేయవచ్చు. అందుకే దిబ్బపై అటువంటి పెంకు కనిపిస్తే జేబులో వేసుకోకుండా, ఉన్నచోటనే ఫొటో తీసి పురావస్తు శాఖకు తెలియజేయండి. చోటు తప్పిన పెంకు సగం సాక్ష్యమే చెబుతుంది.